మూడు మీటర్లూ 230 చూపించినా నమ్మకండి

మూడు ఫేజ్‌లకీ న్యూట్రల్‌కీ మధ్య మీటర్ పెట్టి చూస్తే మూడు చోట్లా 230 వోల్టులే వచ్చాయనుకోండి. చాలామంది అక్కడితో ఆపేస్తారు. సప్లై లక్షణంగా ఉంది, గొడవంతా మోటర్‌దే అని తీర్పు కూడా చెప్పేస్తారు, ఇంకేముంది, మోటర్ విప్పి రీవైండింగ్‌కి పంపడమే. అదే మీటర్‌ని ఒకసారి ఫేజ్‌కీ ఫేజ్‌కీ మధ్య పెట్టి చూడండి. 398, 408, 388 అని వచ్చినా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఎందుకంటే మీటర్ వోల్టేజ్ ఎంత అన్నది చెబుతుంది గానీ అది ఏ కోణంలో ఉందో చెప్పదు. ఆర్, వై ఫేజ్‌లు వాటి చోట అవి ఉండి బీ ఫేజ్ మాత్రం 120 డిగ్రీల దగ్గర ఉండాల్సింది 115 దగ్గర ఉంటే న్యూట్రల్‌తో కొలిచినప్పుడు మూడూ 230 గానే కనిపిస్తాయి. లైన్ వోల్టేజ్‌లు మాత్రం పైన చెప్పినట్టు చెల్లాచెదురవుతాయి. కేవలం 5 డిగ్రీల తేడా. లెక్క కడితే 2.9 శాతం అన్‌బ్యాలెన్స్, అంటే మూడు ఫేజ్‌ల వోల్టేజ్‌లు అంతమేర సమతూకం తప్పాయని. అది చిన్న అంకె కాదు, ఎందుకు కాదో ముందుకు వెళ్లే కొద్దీ తెలుస్తుంది.

ఈ పోస్ట్ రాయడానికి కారణం ఒకటే. వోల్టేజ్ అన్‌బ్యాలెన్స్ అనగానే అందరూ చివరన ఉన్నవాడి లోడ్ వైపే చూస్తారు: సింగిల్ ఫేజ్ లోడ్లు అన్నీ ఒకే ఫేజ్ మీద వేసేశారు, సర్దుకోండి అంటారు. అది కొంతవరకు నిజమే. కానీ పైన, హై వోల్టేజ్ లైన్లలోనే పుట్టి కిందికి దిగే అన్‌బ్యాలెన్స్ గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. కింద ఎంత సర్దినా అది పోదు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు మోటర్‌ని తిట్టుకోవడమే మిగులుతుంది.

ముందు కొలత సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే అక్కడే సగం గందరగోళం ఉంది.

1918లో చార్లెస్ ఫోర్టెస్క్యూ అనే వెస్టింగ్‌హౌస్ ఇంజనీర్ ఒక పేపర్ రాశాడు. ఎంత గజిబిజిగా ఉన్న మూడు ఫేజ్‌ల సెట్‌నైనా మూడు చక్కని సెట్ల మొత్తంగా విడగొట్టొచ్చు అన్నది అందులోని అసలు విషయం. మొదటిది పాజిటివ్ సీక్వెన్స్, మామూలుగా మనకు కావలసిన దిశలో తిరిగేది. రెండోది నెగెటివ్ సీక్వెన్స్, అదే వేగంతో వెనక్కి తిరిగేది. మూడోది జీరో సీక్వెన్స్, అసలు తిరగదు, మూడు ఫేజ్‌లూ ఒకేసారి పైకీ కిందికీ ఊగుతాయి. వందేళ్లు దాటినా పవర్ సిస్టమ్ ఫాల్ట్ లెక్కలన్నీ ఇప్పటికీ దీని మీదే నడుస్తున్నాయి. కాలేజీలో ఇది చెప్పినప్పుడు పరీక్షల కోసం పుట్టించిన లెక్కలా అనిపిస్తుంది. కాదు. నెగెటివ్ సీక్వెన్స్‌ని రిలే (తేడా పసిగట్టి బ్రేకర్‌ని తెరిపించే రక్షణ పరికరం) కొలుస్తుంది, మోటర్‌లో తిరిగే భాగమైన రోటర్ ఆ వేడిని నిజంగానే అనుభవిస్తుంది.

కాబట్టి అన్‌బ్యాలెన్స్ అంటే ఇంజనీర్లు పట్టించుకునే నిర్వచనం ఇది: నెగెటివ్ సీక్వెన్స్ వోల్టేజ్, పాజిటివ్ సీక్వెన్స్ వోల్టేజ్‌లో ఎంత శాతం. అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ ఐఈసీ వాడేది ఇదే. అమెరికాలో మోటర్ల కోసం అక్కడి విద్యుత్ పరికరాల తయారీదారుల సంఘం నెమా ఇంకో సులువైన పద్ధతి పెట్టింది: మూడు లైన్ వోల్టేజ్‌ల సగటు తీసి, ఆ సగటు నుంచి అన్నిటికంటే ఎక్కువ దూరంలో ఉన్నది ఎంత దూరమో శాతంలో చెప్పడం. చేతిలో మామూలు మీటర్, జేబులో కాలిక్యులేటర్ ఉంటే చాలు. బాగానే ఉంటుంది గానీ అన్నిసార్లూ నిజం చెప్పదు. ఉదాహరణకి 420, 405, 405 తీసుకోండి. సగటు 410, తేడా 10, అంటే 2.44 శాతం. ఇప్పుడు 420, 410, 400 తీసుకోండి. సగటు 410, తేడా మళ్లీ 10, మళ్లీ 2.44 శాతమే. కానీ నెగెటివ్ సీక్వెన్స్ లెక్క కడితే మొదటిదానికి 2.44 వస్తే రెండోదానికి 2.82 వస్తుంది. నెమా లెక్క ప్రకారం రెండూ ఒకటే, మోటర్‌కి మాత్రం రెండోదాంట్లో వేడి ఎక్కువ.

ఇక్కడ ఒక మంచి విషయం కూడా ఉంది. మూడు లైన్ వోల్టేజ్‌లు తెలిస్తే చాలు, కోణాలు కొలవక్కర్లేదు. ఆ మూడూ కలిసి ఒక త్రిభుజం, మూడు భుజాలు తెలిస్తే త్రిభుజం మొత్తం తెలిసినట్టే. పైగా త్రిభుజం మూసుకుని ఉంటుంది కాబట్టి లైన్ వోల్టేజ్‌లలో జీరో సీక్వెన్స్ ఉండదు. న్యూట్రల్‌తో కొలిచిన వోల్టేజ్‌లలో జీరో సీక్వెన్స్ కలిసిపోయి మనల్ని తప్పుదారి పట్టిస్తుంది, ఒక్కోసారి అన్‌బ్యాలెన్స్ లేనిది ఉన్నట్టు, ఒక్కోసారి ఉన్నది లేనట్టు. అందుకే న్యూట్రల్‌తో కొలిచిన అంకెలు మాత్రమే పంపి "చూడండి సార్, అన్నీ సమానంగానే ఉన్నాయి" అనేవాళ్లతో నేను వాదన పెట్టుకోను, లైన్ వోల్టేజ్‌లు అడుగుతాను అంతే.

సరే, ఈ రెండు మూడు శాతానికి అంత టెన్షన్ ఎందుకు?

ఇండక్షన్ మోటర్ సంగతి చూద్దాం. పాజిటివ్ సీక్వెన్స్ ఫీల్డ్‌తో పాటు రోటర్ దాదాపు అదే వేగంతో తిరుగుతుంది, కాబట్టి ఆ ఫీల్డ్‌కి రోటర్‌లో పుట్టే కరెంట్ తక్కువ, ఫ్రీక్వెన్సీ ఒకటీ రెండూ హెర్ట్జ్. నెగెటివ్ సీక్వెన్స్ ఫీల్డ్ ఎదురు దిశలో వస్తుంది. రోటర్‌కి అది రెట్టింపు వేగంతో దూసుకొస్తున్నట్టు లెక్క, అంటే రోటర్ బార్లలో దాదాపు 100 హెర్ట్జ్ కరెంట్ పుడుతుంది. ఆ కరెంట్‌కి మోటర్ అడ్డుపడే శక్తి ఎంత అంటే, ఆగి ఉన్న మోటర్‌ని స్టార్ట్ చేసినప్పుడు ఎంత ఉంటుందో దాదాపు అంతే. స్టార్టింగ్ కరెంట్ ఫుల్ లోడ్ కరెంట్‌కి ఆరు రెట్లు ఉండే మోటర్ అయితే, ఒక్క శాతం నెగెటివ్ సీక్వెన్స్ వోల్టేజ్‌కి ఆరు శాతం నెగెటివ్ సీక్వెన్స్ కరెంట్ లాగుతుంది. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే చాలు, మిగతాదంతా దీన్నుంచే వస్తుంది. మూడు శాతం వోల్టేజ్‌కి పద్దెనిమిది శాతం కరెంట్. ఆ కరెంట్ షాఫ్ట్‌కి ఒక్క చెంచాడు పని కూడా చెయ్యదు, పైపెచ్చు కొంచెం వెనక్కి లాగుతుంది, మిగతాదంతా వేడి. 100 హెర్ట్జ్ దగ్గర స్కిన్ ఎఫెక్ట్ వల్ల రోటర్ బార్‌లో కరెంట్ పై అంచుకే చేరుతుంది, దాంతో రెసిస్టెన్స్ పెరిగి వేడి ఇంకా పెరుగుతుంది.

మోటర్ల వాళ్లు వాడే ఒక మోటు లెక్క ఉంది: అన్‌బ్యాలెన్స్ శాతాన్ని స్క్వేర్ చేసి రెండుతో గుణిస్తే టెంపరేచర్ రైజ్ ఎంత శాతం పెరుగుతుందో వస్తుంది. మన 2.9కి ఆ లెక్కన దాదాపు 17 శాతం. ఇన్సులేషన్ విషయంలో పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందని చెప్పే పాత సూత్రం దీని పక్కన పెట్టుకోండి. నెమా ఒక శాతం దాటితే మోటర్‌ని దాని రేటింగ్ కంటే తక్కువ లోడ్‌తో నడపమంటుంది, అయిదు శాతం దాటితే అసలు నడపొద్దంటుంది. వీఎఫ్‌డీ (మోటర్ వేగాన్ని మార్చే ఎలక్ట్రానిక్ డ్రైవ్) పెట్టాం కాబట్టి మాకేం కాదు అనుకునేవాళ్లకి ఇంకో మాట. డ్రైవ్ ముందుండే, ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ అన్‌బ్యాలెన్స్‌కి చాలా సున్నితం, ఒక ఫేజ్ నుంచి ఎక్కువ, ఇంకో ఫేజ్ నుంచి తక్కువ లాగుతూ, మామూలుగా ఉండకూడని మూడో హార్మోనిక్‌ని (మూడు రెట్ల ఫ్రీక్వెన్సీ ఉన్న కరెంట్‌ని) కూడా పుట్టిస్తుంది. మోటర్ చల్లగానే ఉంటుంది, డ్రైవ్ కెపాసిటర్లు ఆ భారం మోస్తాయి.

ఇప్పుడు అసలు చోటికి, అంటే లైన్ మీదికి వద్దాం.

టవర్ మీద మూడు కండక్టర్లు ఒకే ఎత్తులో పక్కపక్కనే ఉన్నాయనుకోండి. మధ్య కండక్టర్‌కి రెండు పక్కలా ఒకే దూరంలో మిగతా రెండూ ఉన్నాయి. చివర ఉన్నదానికి ఒకటి దగ్గర, ఇంకొకటి రెండింతల దూరం. ఈ ఒక్క తేడాతో మూడు ఫేజ్‌ల ఇండక్టెన్స్, కెపాసిటెన్స్ సమానంగా ఉండవు. మూడింట్లోనూ సమానమైన కరెంట్ పంపినా వోల్టేజ్ డ్రాప్ సమానంగా రాదు. మధ్య ఫేజ్ రియాక్టెన్స్ (ఇండక్టెన్స్ వల్ల కరెంట్‌కి వచ్చే అడ్డు) కాస్త తక్కువ, పక్క ఫేజ్‌లది ఎక్కువ, తేడా 50 హెర్ట్జ్ దగ్గర కిలోమీటరుకు 0.022 ఓమ్‌లు. దీంట్లో నాకు భలే నచ్చే విషయం ఏంటంటే, ఈ అంకె టవర్ ఎంత పెద్దది అన్నదాని మీద అసలు ఆధారపడదు. కండక్టర్ల మధ్య 5 మీటర్లున్నా 12 మీటర్లున్నా అదే, ఎందుకంటే అది దూరాల నిష్పత్తి నుంచి వస్తుంది, దూరాల నుంచి కాదు. ఇంకో వింత కూడా ఉంది, పక్క ఫేజ్‌లు రెండింటిలో ఒకటి కాస్త పవర్ పోగొట్టుకుంటే ఇంకొకటి అంతే పవర్ అందుకుంటుంది, ఏ తీగా తగలకుండానే, కేవలం మాగ్నెటిక్ కప్లింగ్ వల్ల.

అంకెల్లో చూద్దాం, లేకపోతే గాలిలో మాట్లాడినట్టుంటుంది. ఇలాంటి అమరికలో పాజిటివ్ సీక్వెన్స్ కరెంట్ పారితే నెగెటివ్ సీక్వెన్స్ వోల్టేజ్ ఎంత పుడుతుందో లెక్క కడితే కిలోమీటరుకు, ఆంపియర్‌కు 0.029 వోల్టులు వస్తుంది. 200 కిలోమీటర్ల 400 కేవీ లైన్ తీసుకోండి, 500 ఆంపియర్లు పారుతున్నాయి. 0.029 ఇంటూ 200 ఇంటూ 500, అంటే 2,900 వోల్టులు. ఫేజ్ వోల్టేజ్ 231 కేవీ, అందులో 1.25 శాతం. కెపాసిటెన్స్ వదిలేసి వేసిన మోటు లెక్కే ఇది, పైగా పుట్టిన వోల్టేజ్ మొత్తం ఒక చివరనే కనిపించదు, రెండు వైపులా ఉన్న సిస్టమ్ బలాన్ని బట్టి రెండు చివర్లూ పంచుకుంటాయి. అయినా ఒక్క ఇల్లు, ఒక్క ఫ్యాక్టరీ కూడా తప్పు చెయ్యకుండా, కేవలం తీగలు పక్కపక్కన కట్టినందుకు ఒక శాతం చుట్టుపక్కల అన్‌బ్యాలెన్స్ రావచ్చన్నది నిజం. లోడ్ పెరిగిన కొద్దీ అది పెరుగుతుంది కూడా, కరెంట్‌తో పాటే.

దీనికి మందు పాతదే: ట్రాన్స్‌పొజిషన్. లైన్‌ని మూడు సమాన భాగాలు చేసి, ప్రతి భాగం చివర ఫేజ్‌లు చోట్లు మార్చుకుంటాయి. మొదటి భాగంలో మధ్యలో ఉన్నది రెండో భాగంలో పక్కకి వెళ్తుంది, అలా ప్రతి ఫేజూ మూడు చోట్లా మూడో వంతు దూరం ప్రయాణిస్తుంది. చివరికి వచ్చేసరికి మూడూ సమానం. దారిలో ఎక్కడైనా ఒక టవర్ మీద తీగలు ఒకదాని మీదుగా ఒకటి మెలికలు తిరిగినట్టు కనిపిస్తే అది లైన్‌మెన్ పొరపాటు కాదు, ట్రాన్స్‌పొజిషన్ టవర్. దాని డిజైన్ వేరు, ఇన్సులేటర్లు ఎక్కువ, తీగల మధ్య దూరాలు బిగుతుగా ఉంటాయి. ఖర్చు కూడా ఎక్కువే. అందుకే పొట్టి లైన్లకి దీని జోలికి పోరు.

ట్రాన్స్‌పొజిషన్‌లో మాట్లాడుకోని చిక్కు ఒకటుంది. అది లైన్ మొత్తానికి పని చేస్తుంది, ఏ భాగానికి ఆ భాగం మాత్రం ఎప్పటిలాగే వంకర. ఇప్పుడు లైన్ కట్టిన పదేళ్లకి మధ్యలో ఎక్కడో కొత్త సబ్‌స్టేషన్ వచ్చిందనుకోండి, ఉన్న లైన్‌ని అక్కడ తెంచి సబ్‌స్టేషన్ లోపలికి తీసుకెళ్లి మళ్లీ బయటికి తెస్తారు. కాగితం మీద లైన్ ఇంకా ట్రాన్స్‌పోజ్డ్. నిజానికి అది ఇప్పుడు రెండు లైన్లు, రెండూ అరకొర ట్రాన్స్‌పొజిషన్‌తో, రెండింట్లో రెండు రకాల కరెంట్లతో. స్టడీ మోడల్‌లో మాత్రం ఆ లైన్ పక్కన "ట్రాన్స్‌పోజ్డ్" అనే గుర్తు అలాగే ఉండిపోతుంది, ఎవరూ తీసెయ్యరు. లోడ్ ఫ్లో సాఫ్ట్‌వేర్లలో ఎక్కువ భాగం ఒక్క పాజిటివ్ సీక్వెన్స్‌తోనే లెక్క కడతాయి కాబట్టి ఈ అన్‌బ్యాలెన్స్ స్క్రీన్ మీద కనపడే ప్రశ్నే లేదు. నా ఉద్దేశంలో అసలు లోపం ఇక్కడుంది, లైన్‌లో కంటే మనం లైన్‌ని చూసే పద్ధతిలో. లైన్ రెండు ముక్కలయ్యే ప్రతిసారీ మూడు ఫేజ్‌ల మోడల్‌తో ఒకసారి లెక్క చూడటం పెద్ద పనేం కాదు, సాఫ్ట్‌వేర్ ఉంది, టవర్ డ్రాయింగులు ఉంటాయి, అడిగేవాడే ఉండడు.

కొత్త టవర్లు పెట్టకుండా బయటపడే దారి కూడా లేకపోలేదు. వరుసగా ఉన్న లైన్లలో ఒక సబ్‌స్టేషన్ నుంచి బయల్దేరేటప్పుడే ఫేజ్‌ల చోట్లు మార్చేసి కడితే, ఒక లైన్ పుట్టించిన నెగెటివ్ సీక్వెన్స్‌ని తర్వాతి లైన్ కొంత కొట్టేస్తుంది. రెండు సర్క్యూట్లు ఒకే టవర్ మీద ఉన్నప్పుడు ఒకదానిలో పైనుంచి కిందికి ఆర్, వై, బీ పెట్టి రెండోదానిలో బీ, వై, ఆర్ అని తిరగేస్తే కూడా చాలా తగ్గుతుంది. తీగ కట్టే రోజున ఇది కాగితం మీద ఒక గీత. తర్వాత మార్చాలంటే షట్‌డౌన్, క్రేన్లు, అనుమతులు.

లైన్ తర్వాత పెద్ద దోషి ఎలక్ట్రిక్ రైలు. 25 కేవీ ట్రాక్షన్ సింగిల్ ఫేజ్ లోడ్, సబ్‌స్టేషన్‌లో దాన్ని గ్రిడ్‌లోని రెండు ఫేజ్‌ల మధ్య కలుపుతారు. దీని అన్‌బ్యాలెన్స్ లెక్క ఎంత తేలికంటే నోటితో చెప్పొచ్చు: లోడ్ ఎంవీఏని (మెగావోల్ట్ ఆంపియర్లని) ఆ చోట ఉన్న షార్ట్ సర్క్యూట్ ఎంవీఏతో, అంటే అక్కడ గ్రిడ్ ఎంత బలంగా ఉందో చెప్పే అంకెతో భాగిస్తే చాలు. షార్ట్ సర్క్యూట్ లెవెల్ 2,000 ఎంవీఏ ఉన్న చోట 20 ఎంవీఏ ట్రాక్షన్ లోడ్ పెడితే ఒక శాతం. అందుకే ట్రాక్షన్ సబ్‌స్టేషన్లని వీలైనంత ఎక్కువ వోల్టేజ్ ఉన్న, బలమైన చోట కలుపుతారు, వరుసగా ఉన్న సబ్‌స్టేషన్లలో ఒకటి ఆర్-వై మీద, తర్వాతిది వై-బీ మీద, ఆ తర్వాతిది బీ-ఆర్ మీద వేస్తారు. గ్రిడ్ దూరం నుంచి చూస్తే మూడూ సర్దుకున్నట్టే ఉంటుంది. దగ్గర్నుంచి చూస్తే సర్దుకోదు, ఎందుకంటే రైలు మూడు చోట్లా ఒకేసారి ఉండదు కదా.

స్కాట్ ట్రాన్స్‌ఫార్మర్ ఇంకో దారి, మూడు ఫేజ్‌లని రెండు సింగిల్ ఫేజ్‌లుగా మార్చేది, జపాన్ షింకన్‌సెన్ బుల్లెట్ రైలు లైన్లలో వాడారు. రెండు వైపులా సమానమైన లోడ్ ఉంటే గ్రిడ్‌కి అన్‌బ్యాలెన్స్ సున్నా, ఒకవైపే రైలు ఉంటే మళ్లీ మామూలే. నాకు అన్నిటికంటే అందంగా అనిపించేది స్టైన్‌మెట్జ్ పద్ధతి. రెండు ఫేజ్‌ల మధ్య 20 మెగావాట్ల రెసిస్టివ్ లోడ్ ఉందనుకోండి, మిగతా రెండు జతల్లో ఒకదాని మధ్య 11.5 ఎంవీఏఆర్ (రియాక్టివ్ పవర్ కొలమానం) కెపాసిటర్, ఇంకోదాని మధ్య 11.5 ఎంవీఏఆర్ రియాక్టర్ పెడితే గ్రిడ్‌కి అది పరిపూర్ణమైన త్రీ ఫేజ్ లోడ్‌లా కనిపిస్తుంది. 20ని రూట్ మూడుతో భాగిస్తే వచ్చేదే ఆ 11.5. ఏది ఎక్కడ పెట్టాలో మాత్రం ఫేజ్ వరుస చూసుకుని పెట్టాలి, తారుమారైతే అన్‌బ్యాలెన్స్ రెట్టింపవుతుంది. రైలు లోడ్ క్షణానికోలా మారుతుంది కాబట్టి ఇదే పనిని థైరిస్టర్లతో, ఫేజ్‌కి ఫేజ్ విడివిడిగా కంట్రోల్ అయ్యే ఎస్‌వీసీతో (రియాక్టివ్ పవర్ మోతాదుని ఎలక్ట్రానిక్‌గా మార్చే పరికరంతో) చేయిస్తారు.

ఎంతవరకు ఓర్చుకోవచ్చు అన్నదానికి అంకెలున్నాయి. యూరప్‌లోని సప్లై నాణ్యత ప్రమాణం ఈఎన్ 50160 ప్రకారం వారం రోజుల పాటు తీసిన పది నిమిషాల సగటుల్లో 95 శాతం, రెండు శాతం లోపల ఉండాలి. ప్లానింగ్ కోసం ఐఈసీ 61000-3-13 రిపోర్ట్ సూచించే అంకెలు మీడియం వోల్టేజ్‌కి 1.8, హై వోల్టేజ్‌కి 1.4, ఎక్స్‌ట్రా హై వోల్టేజ్‌కి 0.8 శాతం. పైకి వెళ్లే కొద్దీ ఎందుకు తగ్గిస్తున్నారో చూశారా? పైన పుట్టిన అన్‌బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫార్మర్లు దాటి కిందికి వస్తూనే ఉంటుంది. డెల్టా వైండింగ్ జీరో సీక్వెన్స్‌ని ఆపుతుంది గానీ నెగెటివ్ సీక్వెన్స్‌ని ఆపదు. కిందివాడి వాటా కిందివాడికి మిగలాలంటే పైవాడు ముందే తగ్గాలి. ఇందాకటి 200 కిలోమీటర్ల లైన్‌ని ఈ 0.8 పక్కన పెట్టి చూడండి, ట్రాన్స్‌పొజిషన్ ఎందుకు కావాలో వేరే చెప్పనక్కర్లేదు.

జనరేటర్ల సంగతి క్లుప్తంగా. నెగెటివ్ సీక్వెన్స్ కరెంట్ రోటర్ ఉపరితలం మీద 100 హెర్ట్జ్ ఎడ్డీ కరెంట్లు పుట్టిస్తుంది, రోటర్ వెడ్జ్‌లు, చివరన ఉండే రిటైనింగ్ రింగులు కాలిపోయేదాకా వెళ్లొచ్చు. అందుకే ప్రతి పెద్ద జనరేటర్‌కీ 46వ నంబర్ రిలే ఉంటుంది, నెగెటివ్ సీక్వెన్స్ కరెంట్ స్క్వేర్‌ని టైమ్‌తో గుణించి హద్దు చూస్తుంది. ఆ హద్దు 10 ఉన్న పెద్ద మెషీన్‌లో నెగెటివ్ సీక్వెన్స్ రేటెడ్ కరెంట్‌లో సగం వస్తే 40 సెకన్లే గడువు.

అన్నిటికంటే భయపెట్టేది ఒక ఫేజ్ మొత్తంగా తెగిపోవడం. తెగితే వోల్టేజ్ పడిపోతుంది, రిలే పట్టుకుంటుంది అనుకుంటాం. పట్టుకోకపోవచ్చు. నడుస్తున్న ఇండక్షన్ మోటర్లు పోయిన ఫేజ్‌లో వోల్టేజ్‌ని మళ్లీ పుట్టిస్తాయి, లోడ్ తక్కువగా ఉన్న కొన్ని రకాల ట్రాన్స్‌ఫార్మర్లు కూడా కోర్ ద్వారా అదే పని చేస్తాయి. తీగ తెగి కిందుంటే మీటర్‌లో వోల్టేజ్ ఉంటుంది.

2012 జనవరి 30న అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని బైరన్ అణు విద్యుత్ కేంద్రంలో జరిగింది ఈ కోవలోదే. 345 కేవీ స్విచ్‌యార్డ్‌లో ఒక ఇన్సులేటర్ విరిగి, రెండో యూనిట్‌కి బయటి నుంచి కరెంటు తెచ్చే ట్రాన్స్‌ఫార్మర్లకి ఒక ఫేజ్ పోయింది. రియాక్టర్ ట్రిప్ అయింది. సేఫ్టీ పరికరాలకి కరెంటిచ్చే బస్సుల (కరెంటు పంచే లోహపు కడ్డీల) మీద అండర్‌వోల్టేజ్ రిలేలు ఉన్నాయి, బయటి సప్లై పోతే బస్సుని దాన్నుంచి విడదీసి డీజిల్ జనరేటర్ల మీదికి మార్చాల్సినవి అవే. కానీ ఆ రిలేలు రెండు జతల ఫేజ్‌ల మధ్య వోల్టేజ్ చూస్తాయి, రెండూ తగ్గితేనే పని చేస్తాయి. ఒక జత బాగానే ఉంది. కాబట్టి లాజిక్ ప్రకారం సప్లై ఉన్నట్టే లెక్క. దాదాపు ఎనిమిది నిమిషాల తర్వాత ఆపరేటర్లు సంగతి గ్రహించి చేత్తో బ్రేకర్లు తెరిచాక డీజిల్ జనరేటర్లు బస్సుల్ని అందుకున్నాయి. అదే ఏడాది అమెరికా అణు నియంత్రణ సంస్థ ఎన్‌ఆర్‌సీ 2012-01 బులెటిన్ ఇచ్చి, అన్ని ప్లాంట్లూ ఈ లోపం తమ దగ్గర ఉందో లేదో చూసుకోవాలంది. వోల్టేజ్ పరిమాణం చూసే రిలే ఎన్ని పెట్టినా, ఎంత ఖరీదైనది పెట్టినా ఇలాంటిది జారిపోయే ప్రమాదం ఉంది. నెగెటివ్ సీక్వెన్స్ వోల్టేజ్ చూసే రిలే ఒక్కటి ఉంటే దొరికేది. ప్రతి డిజిటల్ రిలే ఇప్పుడు ఆ అంకెని లోపల లెక్క కడుతూనే ఉంటుంది, సెట్టింగ్ షీట్‌లో ఆ ఫంక్షన్ "ఆఫ్" అని ఉండటమే మామూలు. అలారం దాకానైనా ఆన్ చెయ్యండి, ట్రిప్ సంగతి తర్వాత.

ఇకముందు ఇది తగ్గుతుందా అంటే, నాకైతే పెరుగుతుందనే అనిపిస్తుంది. పెద్ద సింక్రనస్ జనరేటర్లు నెగెటివ్ సీక్వెన్స్‌కి తక్కువ ఇంపీడెన్స్ (అడ్డు) చూపిస్తాయి, అంటే గ్రిడ్‌లోని అన్‌బ్యాలెన్స్‌ని తమలోకి లాక్కుని తమ రోటర్ వేడెక్కించుకుంటూ మిగతావాళ్లని కాపాడతాయి. ఇండక్షన్ మోటర్లు కూడా ఇదే చేస్తాయి, అడక్కుండానే. వాటి స్థానంలో వస్తున్న సోలార్, విండ్ ఇన్వర్టర్లలో చాలావాటిని మూడు ఫేజ్‌లలోనూ సమానమైన కరెంట్ ఇచ్చేలానే ప్రోగ్రామ్ చేశారు, గ్రిడ్‌లో నెగెటివ్ సీక్వెన్స్ ఎంతున్నా వాటికి పట్టదు. ఫాల్ట్ వచ్చినప్పుడు ఇన్వర్టర్లు నెగెటివ్ సీక్వెన్స్ కరెంట్ ఇవ్వాలని 2022లో వచ్చిన ఐఈఈఈ 2800 ప్రమాణం అడుగుతోంది, మంచిదే. కానీ అది ఫాల్ట్ సమయం మాట, రోజంతా ఉండే ఒకటిన్నర శాతం మాట కాదు. దాంతోపాటు షార్ట్ సర్క్యూట్ లెవెల్ కూడా పడిపోతుంది. 20 ఎంవీఏ ట్రాక్షన్ లోడ్‌కి 2,000 ఎంవీఏ దగ్గర ఒక శాతం వచ్చింది కదా, చుట్టుపక్కల థర్మల్ యూనిట్లు మూతపడి అదే చోట 1,000 మిగిలితే అదే రైలు, అదే లోడ్, అన్‌బ్యాలెన్స్ మాత్రం రెండు శాతం.